అసమాపక క్రియ

పర్లాకిమిడిలో మా తెలుగు బడి మూతపడ్డాక
సుద్దముక్క వదిలి
కోర్టు మెట్ల పక్కన బల్ల వేసుకున్నాను.
పేజీకి నలభై రూపాయలు.
తెలుగులోంచి ఒడియాలోకి, ఒడియాలోంచి తెలుగులోకి
గట్టు తగాదాలు, గోడ తగాదాలు,
ఎప్పుడైనా ఒక చావు.

ఇవాళ బుడితి దాలమ్మ.
పెనిమిటి గవరయ్య గేదెకొమ్ముతో కొంగలు చేసేవాడు.
కొమ్ముకి నిప్పుసెగ చూపించి
అది మెత్తబడే ఆ ఒక్క క్షణంలో
మెడ వంచేవాడట.
"తొందరపడితే ఇరుగుతాది,
ఆలీసమైతే ఒంగదు బాబూ."
ఆ సంగతి ఏ లాయరూ అడగలేదు.
అడగనిది అనువదించకూడదు.
ఈ కొలువుకి ఉన్న సూత్రం అదొక్కటే.

బరంపురంలో
కొంగల మెడలు వంచిన ఆ కుడిచేతి మణికట్టులోంచే
తీగ దూర్చి, గుండెలో స్టెంటు వేశారు.
బాగా జరిగిందన్నారు. బాగానే జరిగిందేమో.
సాయంత్రం రెండిడ్లీ తిన్నాడు,
చట్నీ చప్పగా ఉందన్నాడు.
రాత్రి రెండింటికి వీపులోంచి నొప్పి,
దుప్పటి పిండేంత చెమట.
గ్యాస్ అన్నారు. మాత్ర ఇచ్చారు.
తెల్లారేసరికి
పక్కమంచం వాళ్లు మొహం అటు తిప్పుకున్నారు.

కేసు కాగితంలో మాత్రం:
రెండుంబావు. డాక్టరు చూశారు. నిలకడగా ఉన్నాడు.
మూడుంబావు. డాక్టరు చూశారు. నిలకడగా ఉన్నాడు.
నాలుగుంబావు...
ముప్ఫైరెండేళ్లు కాపీ పుస్తకాలు దిద్దినవాణ్ని,
ఒక్క కూర్చోబడిలో నింపిన పేజీ
నా కంటికి తెలుస్తుంది.
అదీ ఎవరూ అడగలేదు.

ఆసుపత్రి తరఫున పట్టజోషిగారు,
మర్యాదస్తుడు, కళ్లజోడు తుడుచుకుంటూ అడిగారు:
ఆ రాత్రి డాక్టరు మీవారిని చూశారా, లేదా?

దాలమ్మ నా వైపు చూసింది.
వెనక బెంచీలో డాక్టర్ సాహు వైపు చూసింది.
కుర్రాడు. ఆ రాత్రి పద్నాలుగు మంచాలకి
అతనొక్కడేనట.
బూటుముక్కుతో గచ్చు గీకుతున్నాడు.

"సూసినాడు."

నేను ఒడియాలో దేఖిలే అన్నాను.
టైపిస్టు ఇంగ్లీషులో సీన్ అని కొట్టాడు.
ఎప్పుడూ ఒకదానికొకటి పొసగని మూడు భాషలు
ఆ ఒక్క మాట దగ్గర
ఎంత చక్కగా అతుక్కున్నాయో!
ఇక చాలు, అని పట్టజోషిగారు కూర్చున్నారు.

ఏడో తరగతికి ఏటా చెప్పేవాణ్ని:
చూశాడు సమాపక క్రియ, వాక్యం అక్కడితో సరి.
చూసి అసమాపకం,
వెనక ఇంకొకటి రావాలి,
రాకపోతే గాల్లో వేలాడుతుంది.
వ్యాకరణం ప్రకారం దాలమ్మ వాక్యం అయిపోయింది.
కానీ ఆమె ఊపిరి తీసుకుంటోంది.
చెప్పడం అయిపోయిన పిల్ల ఎలా నిలబడుతుందో,
చెప్పాల్సింది మిగిలిన పిల్ల ఎలా నిలబడుతుందో
నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి?

"అయ్యా, వాక్యం పూర్తి కాలేదు," అన్నాను.
అనువాదకుడు అనకూడని మాట.
అధ్యక్షులవారు గోడగడియారం చూసి
సరే చెప్పమనండి అన్నారు.

"సూసినాడు బాబూ.
గుమ్మం కాడ నిలబడి సూసి,
సేతిలో పోను సూసి,
సిస్టరు మొకం సూసి,
నా మొకం సూడకండా..."

అక్కడ ఆగిపోయింది.
ఒక్కో సూసికీ ఒక్కో దేఖి చెప్పుకుంటూ వెళ్లాను.
చివర్లో టైపిస్టు వేలు చుక్క మీదికి పోయింది.
వద్దన్నాను.
కాగితం చుక్క లేకుండానే బయటికొచ్చింది.
వాయిదా, వచ్చే నెల పద్దెనిమిది.

మెట్ల మీద కొంగుముడి విప్పి
నాలుగు పదులు లెక్కపెట్టింది.
"ఏటి రాసినారు మాస్టారూ?"
నువ్వు చెప్పిందేనమ్మా.
"నానింకా సెప్పనేదు కదా."